పెట్టి ఉంటానమ్మా

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే నా జూకాలు కనిపించలేదు. పెద్ద ఖరీదైనవేం కావు, కానీ మా అమ్మ ఇచ్చినవి. అద్దం బల్ల సొరుగులో లేవు, దేవుడి గూట్లో లేవు, స్నానాల గది అలమారులో లేవు. గాభరాగా వంటింట్లోకి వెళ్లాను. పదకొండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆవిడ సింకు దగ్గర అంట్లు తోముతోంది. "జూకాలు చూశావా?" అని అడగాల్సింది. "జూకాలెక్కడ పెట్టావు?" అన్నాను. ఆ రెండు ప్రశ్నలకూ ఉన్న దూరం ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆవిడ పీచు చేత్తో పట్టుకుని అలాగే వెనక్కి తిరిగి, "నేను తియ్యలేదమ్మగారూ" అంది. "తీశావని ఎవరన్నారు? నిన్న గది తుడిచింది నువ్వే కదా, బల్ల సర్దింది నువ్వే కదా. ఎక్కడైనా పెట్టి మర్చిపోయావేమో, కాస్త గుర్తు తెచ్చుకో" అన్నాను. గొంతు పెంచలేదు. నిజానికి చాలా మెత్తగానే అన్నాను. ఆవిడ కారుతున్న కుళాయి వంక కాసేపు చూసింది. తర్వాత, "అవునమ్మా, నేనే ఎక్కడో పెట్టి ఉంటానమ్మా" అంది. ఆ పూటంతా వెతికింది. బియ్యం డబ్బా ఒంపి చూసింది, ఫ్రిజ్ జరిపి చూసింది, ముందురోజు చెత్త కవరు వీధి చివర కుండీలోంచి తెచ్చి పెరట్లో పరిచి చూసింది. మూడో రోజున, విశాఖపట్నం పెళ్లికి తీసుకెళ్లిన నా సంచీలో, జిప్పున్న లోపలి అరలో, నేనే పేపరు నాప్‌కిన్‌లో చుట్టి పెట్టుకున్న జూకాలు నాకే దొరికాయి.

అప్పటినుంచీ ఆవిడ అన్న ఆ మాట నన్ను వదలడం లేదు. "పెట్టాను" అంటే ఒప్పుకోవడం. "పెట్టలేదు" అంటే కాదనడం. "పెట్టి ఉంటాను" ఏమిటి? ఆ మాటకి వ్యాకరణంలో ఏదో పేరు ఉండే ఉంటుంది. నాకు కావలసింది ఆ పేరు కాదు. తన జ్ఞాపకంలో ఎక్కడా లేని పనిని, ఎదుటివాళ్ల మాట మీద, తన లెక్కలో రాసుకోవడం ఎలా సాధ్యమవుతుంది? మనం కూడా రోజుకి పదిసార్లు ఇలాంటి మాటే వాడతాం. గ్యాసు కట్టేశావా? కట్టేసే ఉంటాను. తాళం వేశావా? వేసే ఉంటాను. అయితే అక్కడ "కట్టేసే", "వేసే" అని చివర్న ఒక ఒత్తు పడుతుంది, మన అలవాటు మీద మనకున్న నమ్మకం ఆ ఒత్తులో వినిపిస్తుంది. ఆవిడ మాటలో ఆ ఒత్తు లేదు. నా మాట మీద నమ్మకమే ఉంది, తన మీద లేదు.

మర్నాడు కాఫీ తాగుతూ పేపర్లో జిల్లా పేజీ తిప్పుతుంటే, ముప్పయ్యేళ్లుగా చూస్తున్న వాక్యమే మళ్లీ కనిపించింది. పోలీసులు తమదైన శైలిలో విచారించగా నిందితులు నేరం అంగీకరించారట. పక్కన ఫొటో ఉంది. మొహాలకి ముసుగులేసిన ముగ్గురు కింద కూర్చుని ఉన్నారు, వెనక వరసగా పోలీసులు, ముందు బల్ల మీద రికవరీ చేసిన సొత్తు. ఆ "తమదైన శైలి" ఏమిటో ఏ విలేకరీ ఎప్పుడూ విప్పి రాయడు. అక్కర్లేదు, అందరికీ తెలుసు. నిజం "కక్కించారు" అని కూడా రాస్తారు, లోపల అరక్కుండా ఉన్నదాన్ని బయటికి తెప్పించినట్టు. లోపల ఉన్నదే బయటికి వస్తుందని మన నమ్మకం. లాఠీ అన్నది లేకపోతే శైలే లేదనీ అనుకుంటాం. మరి నా వంటింట్లో లాఠీ లేదు. కసురుకోవడం లేదు. పదకొండేళ్ల చనువుంది. అయినా లోపల లేనిది బయటికి వచ్చింది. నాకూ ఒక శైలి ఉందన్నమాటే కదా?

అప్పుడు పుస్తకాల బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాను. లా చదివే రోజుల్లో మా మేనల్లుడు మా ఇంట్లో వదిలేసి వెళ్లింది. గిస్లీ గుడ్యోన్సన్ అనే క్లినికల్ ఫోరెన్సిక్ సైకాలజిస్టు 2003లో రాసిన పుస్తకం, పోలీసు విచారణల గురించి, నేరాంగీకారాల గురించి. ఐస్‌లాండ్‌లో పుట్టి, లండన్‌లో కింగ్స్ కాలేజీకి చెందిన మానసిక వైద్య సంస్థలో దశాబ్దాల పాటు పనిచేసిన మనిషి. ఇదివరకు అక్కడక్కడా చదివి పక్కన పెట్టాను. ఈసారి ఒక చోట ఆగిపోయాను. ఈయన సైకాలజిస్టు కాకముందు, 1970ల మధ్యలో, రేక్యావిక్ నగరంలో డిటెక్టివ్‌గా పనిచేశాడు. ఒక స్త్రీ తన పర్సు పోయిందని ఫిర్యాదు చేసింది. ముందు రాత్రి ఆమె ఇంట్లో కూర్చుని తాగిన ఒకతని మీద అనుమానం. ఆ మనిషికి తాగుడు వ్యసనం, తాగితే ఏం చేశాడో గుర్తుండదు. యువకుడైన గుడ్యోన్సన్ అతన్ని విచారించాడు. గుర్తు లేదు గానీ, నేనే తీసి ఉంటాను అన్నాడతను. ఒప్పుకున్నాడు. తర్వాత ఆ పర్సు ఆమెకే ఎక్కడో దొరికింది, ఎవరూ తీయనేలేదు. చెయ్యని దొంగతనమే కాదు, జరగని దొంగతనం! చేతుల్లో ఆ ఒప్పుకోలు పట్టుకుని ఆ కుర్ర డిటెక్టివ్ ఏమనుకున్నాడో. ఒక మనిషి తర్వాతి నలభై ఏళ్ల పని మొదలవడానికి ఒక పర్సు చాలునా? చాలేమో. నా మటుకు నాకు ఒక జత జూకాలు ఇన్ని రోజులుగా నిద్ర లేకుండా చేస్తున్నాయి.

మనకో సామెతుంది, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అని. బూడిద గుమ్మడికాయ భుజాన మోస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది కాబట్టి, తడుముకున్నవాడే దొంగ. చిన్నప్పట్నుంచీ ఈ సామెత ఎంత తెలివైనదో అనుకున్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది. అందరి కళ్లూ తన మీదే ఉన్నప్పుడు, తన భుజం మీద ఏమైనా ఉందేమోనని ఒకసారి తడుముకోని వాళ్లెవరు? కాయ మోసినవాడు ఇంటికెళ్లి దులుపుకునే వచ్చి ఉంటాడు. తడుముకునేది భయస్థుడు, పిల్లవాడు, పెద్దలు అడిగితే ఏదో ఉండే ఉంటుందని నమ్మేవాడు. గుడ్యోన్సన్ లాంటివాళ్లు చేసే పని నాకు ఈ సామెతలోంచే అర్థమైంది. ఈ చెయ్యి భుజం మీదికి ఎందుకు వెళ్లింది అని అడగడం.

ఇక్కడ నాకు మా నాయనమ్మ కుంకుమ భరిణె గుర్తొస్తుంది. వెండిది, మూత మీద చిన్న నెమలి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. భరిణె పోయింది. ఇల్లంతా వెతికారు. దానితో ఎప్పుడూ ఆడుకునేది నేనే కాబట్టి నన్ను పిలిచారు. పెదనాన్న అరుగు మీద కూర్చోబెట్టుకుని, తల నిమురుతూ అడిగాడు. "నిజం చెబితే ఏమీ అననమ్మా. మన ఇంటి పిల్లవి, నిన్నేం చేస్తాం? చెప్పు తల్లీ, ఎక్కడ పడేశావు?" లేదు పెదనాన్నా అన్నాను. మళ్లీ అడిగాడు. నాయనమ్మ కళ్లు తుడుచుకుంటోంది. అమ్మ నా వైపు చూసి, చెప్పేయమన్నట్టు తల ఊపింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది, ఎవరూ తినలేదు, నావల్లే తినలేదు అనిపించింది. బావిలో పడేశావా, అన్నారెవరో. పెదనాన్నో, అత్తయ్యో. నాకు ఒక్కసారిగా కనిపించింది. గిలక పక్కన గట్టు మీద మోచేతులు ఆనించి నేను వంగి చూస్తున్నాను, నెమలి చేతిలోంచి జారిపోయింది, కింద బుడుంగుమంది. "అవును, బావిలో పడిపోయింది" అన్నాను. పెదనాన్న నన్ను గుండెకి హత్తుకున్నాడు. నిజం చెప్పినందుకు. ఆ హత్తుకోవడంలో ఎంత హాయి ఉందో ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం గాలం వేసి బావంతా దేవారు. తుప్పు పట్టిన బొక్కెన ఒకటి, రెండు చెంబులు వచ్చాయి, భరిణె రాలేదు. బురదలో కూరుకుపోయి ఉంటుందన్నారు. రెండు నెలల తర్వాత ఎవరి పెళ్లికో వెళుతూ నాయనమ్మ భోషాణం తెరిస్తే, పట్టుచీర మడతలో భరిణె ఉంది. అందరూ నవ్వారు. మరెందుకే అలా చెప్పావు, అన్నారు. నాకు జవాబు తెలియలేదు. ఈ రోజుకీ ఆ బుడుంగుమన్న చప్పుడు నాకు వినిపిస్తుంది. భరిణె బావిలో పడలేదని నాకు తెలుసు, నీళ్ల మీద లేచిన వలయం మాత్రం నాకు గుర్తుంది. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇముడుతున్నాయో!

గుడ్యోన్సన్ దీన్ని కొలవడానికి ఒక పరీక్ష తయారుచేశాడు, 1984లో. ఇప్పుడది ఆయన పేరుతోనే ప్రపంచమంతా వాడుకలో ఉంది. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక చిన్న కథ చదివి వినిపిస్తారు. పరాయి దేశంలో విహారానికి వెళ్లిన ఒకామెని దొంగలు దోచుకున్న కథ. విన్నదంతా చెప్పమంటారు. సుమారు యాభై నిమిషాలు వేరే పనుల్లో పెట్టి, మళ్లీ చెప్పమంటారు. ఆ తర్వాత ఇరవై ప్రశ్నలు. వాటిలో పదిహేను ప్రశ్నలు మెలిక ఉన్నవి, కథలో లేనిదాన్ని ఉన్నట్టుగా అడిగేవి. నేను జూకాలెక్కడ పెట్టావని అడిగినట్టు. ఎన్నింటికి అవునంటారో లెక్క వేస్తారు. నన్ను కుదిపింది అది కాదు, తర్వాత వచ్చేది. జవాబులు ఎలా చెప్పినా సరే, అన్నీ సరిగ్గా చెప్పినా సరే, పరీక్ష పెట్టేవారు గట్టి గొంతుతో, మీరు చాలా తప్పులు చేశారు, మళ్లీ అడుగుతాను, ఈసారి జాగ్రత్తగా చెప్పండి అంటారు. మళ్లీ అవే ఇరవై. ఈసారి ఎన్ని జవాబులు మార్చుకున్నారో లెక్క వేస్తారు. అంటే కొలిచేవి రెండు. ప్రశ్నలోని అబద్ధానికి లొంగడం ఒకటి, ఎదుటివాళ్ల అసంతృప్తికి లొంగడం ఒకటి. ఆ రెండో కొలత చదివినప్పుడు మా అరుగు కనిపించింది నాకు. పెదనాన్న "మళ్లీ ఆలోచించు" అన్న ప్రతిసారీ నేను ఇంకొంచెం జరిగాను.

ఒక ఒప్పుకోలు నమ్మదగ్గదో కాదో తేల్చాలంటే ఆ పరీక్ష ఒక్కదానితో పని తీరిపోదు. జైలుకి వెళ్లి ఆ మనిషితో గంటల తరబడి మాట్లాడాలి. తెలివితేటలు, జ్ఞాపకశక్తి, ఆందోళన చూడాలి, పైకి అవునంటూ తల ఊపే స్వభావం ఎంతుందో చూడాలి. అరెస్టయినప్పుడు నిద్ర పోయాడా, మందు మానేసి వణుకుతున్నాడా, భోజనం పెట్టారా. పోలీసు కాగితాలన్నీ తెచ్చుకుని, ఏ వివరం మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో వెతకాలి. "బావిలో" అన్న మాట ముందు నేనన్నానా, వాళ్లన్నారా? మా ఇంట్లో దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. 1991లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ కోసం గుడ్యోన్సన్ బృందం రెండు పోలీసు స్టేషన్లలో కూర్చుని, విచారణకు ముందే అనుమానితుల్ని పరీక్షించింది. జనసామాన్యంలో సగటు ఐక్యూ వంద అయితే, అక్కడికి వచ్చినవాళ్ల సగటు 82. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. సంఘంలో ఎవర్ని ముందు అడుగుతారో, ఎవరు తొందరగా అవునంటారో, ఆ ఇద్దరూ తరచు ఒకరే అవుతున్నారు. మా ఇంట్లో జూకాలు పోతే నేను మా ఆయన్నెందుకు అడగలేదు?

గుడ్యోన్సన్ పనిచేసిన కేసుల్లో గిల్డ్‌ఫర్డ్ కేసు చాలామంది సినిమాగా చూసి ఉంటారు. 1974 అక్టోబరు 5న ఇంగ్లండ్‌లోని ఆ ఊళ్లో రెండు పబ్బుల్లో బాంబులు పేలాయి, అయిదుగురు చనిపోయారు. నవంబరు 21న బర్మింగ్‌హామ్‌లో ఇంకా ఘోరం, 21 మంది పోయారు. వారం దాటీ దాటకుండానే, అనుమానితుల్ని ఏడు రోజుల దాకా ఉంచుకోవచ్చని కొత్త చట్టం వచ్చింది. గిల్డ్‌ఫర్డ్ కేసులో నలుగురు ఒప్పుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయికి 17 ఏళ్లు, పేలుడు జరిగిన రాత్రి ఆమె లండన్‌లో ఒక పాటల కచేరీలో ఉంది. ఒప్పుకోలు తప్ప పెద్దగా సాక్ష్యం లేకుండానే ఆమెకి గడువు లేని జైలు శిక్ష పడింది. పన్నెండేళ్ల తర్వాత, 1986లో, గుడ్యోన్సన్, జేమ్స్ మెకీత్ అనే మానసిక వైద్యుడు కలిసి జైల్లో ఆమెని పరీక్షించారు. ఆ ఒప్పుకోలు నమ్మదగ్గది కాదని చెప్పారు. 1989 అక్టోబరులో నలుగురూ బయటికొచ్చారు, అప్పటికామెకి ముప్పై దాటింది. బర్మింగ్‌హామ్ కేసులో ఆరుగురిలో నలుగురు సంతకం పెట్టారు, ఇద్దరు పెట్టలేదు. దెబ్బలు అందరూ తిన్నారు. ఏళ్ల తర్వాత గుడ్యోన్సన్ ఆరుగురినీ పరీక్షిస్తే, సంతకం పెట్టని ఆ ఇద్దరే లొంగుబాటులో అందరికంటే తక్కువ వచ్చారు. ఆరుగురూ 1991 మార్చిలో విడుదలయ్యారు. అయితే సంతకం పెట్టకపోయినా ఆ ఇద్దరూ పదహారేళ్లు లోపలే ఉన్నారు, మిగతా నలుగురి ఒప్పుకోలు వాళ్లని కూడా లాక్కుపోయింది.

ఇదంతా రాస్తుంటే మధ్యలో నాకే అడ్డు తగలాలనిపిస్తుంది. ఇంతమంది చనిపోయారే, వాళ్ల తల్లిదండ్రుల సంగతి? నిజంగా చేసినవాడు కూడా రేపు సైకాలజిస్టుని తెచ్చుకుని, నా మనసు బలహీనం, అందుకే అలా అన్నాను అంటే? అంటాడు, అనకుండా ఉండడు. గుడ్యోన్సన్ పరీక్ష మనిషి నేరం చేశాడో లేదో చెప్పదు. అతను అన్న మాట మీద ఎంత బరువు మోపవచ్చో చెబుతుంది, అంతవరకే. ఆ హద్దు ఆయన రాతల్లో ఎక్కడా చెరిగిపోలేదు. ఇక చనిపోయినవాళ్ల కన్నవాళ్ల మాట. 1977లో, వేరే కేసుల్లో దొరికిన, ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ మనుషులు, గిల్డ్‌ఫర్డ్ బాంబులు మేం పెట్టాం, జైల్లో ఉన్నవాళ్లకి ఏ సంబంధం లేదు అని చెప్పారు. ఎవరూ వినలేదు. చెయ్యనివాళ్లు చేశామంటే నమ్మారు, చేసినవాళ్లు చేశామంటే నమ్మలేదు. ముందే చేతికొచ్చిన ఒప్పుకోలు అంత తీపిగా ఉంటుంది. మా పెదనాన్న భోషాణంలో ఎందుకు వెతికించలేదు? నేను బావి అన్నాను కాబట్టి.

అన్నిటికంటే నన్ను వెంటాడేది గుడ్యోన్సన్ సొంత దేశం కథ. 1974 జనవరిలో గుద్మందుర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, రాత్రి డాన్సు హాలు నుంచి మంచులో నడిచి వెళుతూ కనిపించకుండా పోయాడు. నవంబరులో కెఫ్లావిక్ ఊళ్లో గేర్‌ఫిన్నుర్ అనే 32 ఏళ్ల మనిషి, ఎవరో ఫోన్ చేస్తే బయటికెళ్లి తిరిగి రాలేదు. శవాలు ఇప్పటికీ దొరకలేదు. హత్యలు జరిగాయనడానికి ఆధారమే లేదు. మరుసటేడు డిసెంబరులో వేరే డబ్బు మోసం కేసులో ఇరవయ్యేళ్ల ఒకమ్మాయిని పట్టుకున్నారు, ఇంటి దగ్గర పదకొండు వారాల పసిబిడ్డ. ఆ కుర్రాడి సంగతి అడిగితే, ఆ రాత్రి తనకొక పీడకల వచ్చిందని చెప్పింది. కల కాస్తా వాంగ్మూలమైంది. ఒకరి మాట పట్టుకుని ఇంకొకరు, మొత్తం ఆరుగురు. నెలల తరబడి ఒంటరి గదులు, కొందరికి ఆరువందల రోజులకు పైగానే. మందులు, నిద్ర లేమి, రోజూ అవే ప్రశ్నలు, శవం ఎక్కడ పెట్టారో గుర్తు తెచ్చుకోమని లావా రాళ్ల బయళ్ల మీద తిప్పడం. ఆరుగురూ "గుర్తు తెచ్చుకున్నారు". ఎవరి కథా ఇంకొకరి కథతో కలవలేదు, ఎక్కడ తవ్వినా ఏమీ రాలేదు. 1980లో అక్కడి సుప్రీం కోర్టు శిక్షలు ఖరారు చేసింది.

తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం సడలిపోయి, బయటి గొంతుని ఆనుకుని నిలబడే ఈ స్థితికి గుడ్యోన్సన్, మెకీత్ 1982లోనే ఒక పేరు పెట్టారు. స్మృతి అవిశ్వాసం అని మనం అనుకోవచ్చు. ఆ ఆరుగురిలో ఒకతను 2009లో చనిపోయాడు. రెండేళ్లకి అతని జైలు డైరీలు అతని కూతురి ద్వారా బయటపడ్డాయి, వాటిని చదివి అభిప్రాయం చెప్పమని ఒక విలేకరి లండన్‌కి, గుడ్యోన్సన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఒకప్పుడు రేక్యావిక్ పోలీసు శాఖలోనే పనిచేసిన మనిషి, ముప్పై అయిదేళ్ల తర్వాత ఆ చేతిరాత తిరగేస్తూ ఏ పేజీ దగ్గర ఆగాడో నాకు తెలుసుకోవాలని ఉంది. అదే ఏడాది ప్రభుత్వం ఒక కమిటీ వేసింది, అందులో ఆయన ఉన్నాడు. జైలు రిజిస్టర్లు తీసి, ఏ రోజు ఎవర్ని ఎంతసేపు ప్రశ్నించారో ఒక్కొక్కటీ లెక్క కట్టారు. ఆరుగురి వాంగ్మూలాలూ నమ్మదగ్గవి కావని 2013లో తేల్చారు. 2018 సెప్టెంబరు 27న హత్య కేసులోని అయిదుగురినీ సుప్రీం కోర్టు నిర్దోషులంది. అప్పటికి ఇద్దరు లేరు. కల చెప్పిన ఆ అమ్మాయి అబద్ధపు సాక్ష్యం శిక్ష మాత్రం ఆ తీర్పులో కదల్లేదు. 2022లో గానీ ప్రభుత్వం ఆమెకి క్షమాపణ చెప్పలేదు. ఇరవయ్యేళ్ల అమ్మాయి అరవై దాటేసింది.

ఇన్నాళ్ల ఒంటరి గది ఉంటే ఎవరైనా అంతే కదా, మామూలు మనుషులం మనమలా చేస్తామా అనుకునేవాళ్లకి, 1996లో అమెరికాలో సాల్ కాసిన్ అనే ఆచార్యుడు చేసిన ప్రయోగం ఉంది. కాలేజీ పిల్లలు, కంప్యూటరు మీద టైపు చేసే పని. ఆల్ట్ మీట మాత్రం నొక్కొద్దన్నారు. కాసేపటికి కంప్యూటరు ఆగిపోతుంది, నువ్వే నొక్కావంటారు. ఎవరూ నొక్కలేదు. నూటికి 69 మంది ఒప్పుకోలు మీద సంతకం చేశారు. 28 మంది బయట ఇంకొకరితో కూడా నేనే నొక్కానన్నారు. తొమ్మిది మంది ఎలా నొక్కారో వివరాలు కూడా చెప్పారు. ఆ తొమ్మిదిమందికీ నా బుడుంగు చప్పుడు లాంటిది ఏదో వినిపించి ఉంటుంది.

బలవంతాన రాబట్టిన ఒప్పుకోలు నమ్మరాదన్న ఎరుక మన దగ్గర పుస్తకాల్లో చాలా పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద వేసిన కమిషన్ 1855లోనే నివేదిక ఇచ్చింది. కోస్తా జిల్లాలన్నీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు రాబట్టడానికి రైతుల్ని ఎండలో వంచి నిలబెట్టడం, చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం ఆ నివేదికలో ఉన్నాయి. శిస్తు అడిగే తాసీల్దారు చేతిలోనే పోలీసు పెత్తనమూ ఉండేది. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షను, పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదంది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో అదే 23వ సెక్షను. అయితే, ఆ మాట పట్టుకుని వెళితే ఏదైనా వస్తువు దొరికిందనుకోండి, ఆ మేరకు చెల్లుతుంది. బల్ల మీద సొత్తు పెట్టి ఫొటో తీయడం వెనక ఇదంతా ఉంది. మనిషి ఇష్టం లేకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టరు, బ్రెయిన్ మ్యాపింగ్ పెట్టకూడదని సుప్రీం కోర్టు 2010లో తీర్పు చెప్పింది. కోర్టులో చెల్లని మాట పేపర్లో చెల్లిపోతుంది, వీధి అరుగుల మీద చెల్లిపోతుంది. ముసుగు వెనక మనిషి నిర్దోషిగా వచ్చిన రోజు జిల్లా పేజీలో ఫొటో ఉండదు. ఆ రోజు మా బావిలోంచి చెంబుతో పాటు వెండిదేదైనా వచ్చి ఉంటే, నేను చెప్పింది నిజమైపోయేది. అప్పుడు భోషాణం తెరిచినా ఆ భరిణెని ఇంకో భరిణె అనేవాళ్లేమో.

వంటింట్లో జరిగిన చిన్న సంగతిని ఇన్నేసి ఏళ్ల జైళ్ల పక్కన పెట్టడం సబబేనా? చాలాసార్లు ఈ కాగితాలు పక్కన పడేశాను. వాళ్లు పోగొట్టుకున్నది జీవితం, ఆవిడకి పోయింది రెండు రోజుల నిద్ర. అయినా, జూకాలు దొరికాయని చెప్పిన క్షణం ఆవిడ మొహం చూశాక ఊరుకోలేకపోయాను. చెప్పడానికి ముందు ఒక పూట దాచాను, అది కూడా రాయాలి. ఎలా చెప్పాలో తెలియక. సాయంత్రం ఆవిడ గిన్నెలు బోర్లిస్తుంటే వెళ్లి, "జూకాలు నా సంచీలోనే ఉన్నాయి. నాదే తప్పు. నిన్నలా అడగకుండా ఉండాల్సింది" అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. రావాలని కూడా అనుకున్నాను. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య, అయితే నేను పెట్టలేదన్నమాట" అంది. అంటే ఈ మూడు రోజులూ నా మనసు నొప్పించడం ఇష్టం లేక ఊరికే తల ఊపలేదు. నిజంగానే పెట్టాననుకుంది. "పచ్చమూత డబ్బాలో పడేసినట్టు కళ్లకి కట్టిందమ్మగారూ. రాత్రి పడుకుంటే అదే కనబడేది. పొద్దున్నే వచ్చి డబ్బా ఒంపితే ఏమీ లేదు. నా బుర్రకేమైందో అని భయం వేసింది" అంది. పోనీలెండమ్మా, దొరికాయి అదే చాలు అని మళ్లీ గిన్నెల వైపు తిరిగింది.

జీతం, పని, మాట అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్కటి మారింది. గది తుడవడానికి వెళ్లినప్పుడల్లా ఇప్పుడు లోపల్నుంచి కేకేస్తుంది. "అమ్మగారూ, ఒకసారి రండి. ఇదిగో మీ గాజులు బల్ల మీదే ఉన్నాయి. కళ్లజోడు ఇక్కడుంది. చూశారా? నేనేమీ ముట్టుకోవడం లేదు." నేను చేస్తున్న పని ఆపి వెళ్లి, గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.